బొమ్మలకు నడక నేర్పిన వనిత

బొమ్మ గీయటం ఒక విద్య. గీసిన బొమ్మ చేత అడుగులు వేయించటం మరొక విద్య. మొదటిది మనకు కొత్త కాదు. ధనుర్మాసం వచ్చిందంటే ప్రతి వాకిట్లోనూ ఆ చేతివాటం కనబడుతూనే వుంటుంది. రెండవది ఏ ఒక్కరి వల్లా అయ్యే పని కాదు. పదుల కొద్దీ మనుషులు నెలల తరబడి బల్లల ముందు వంగి కూర్చుంటేగాని తెర మీద ఒక పిల్లి సరిగా తోక విదిలించదు. అలా వంగి కూర్చున్నవాళ్ళలో ఎందరో ఆడవాళ్ళన్న సంగతి సినిమా చూసి కేరింతలు కొట్టే పిల్లలకూ తెలియదు, వాళ్ళను వెంటబెట్టుకు వెళ్ళిన మనకూ తెలియదు.

అటువంటి ఒక జపాను స్త్రీ కథ ఇది. ఆవిడ పేరు రేయికో ఒకుయామా. 1935 అక్టోబరు 26న జపాను ఈశాన్య భాగంలోని సెందాయ్ నగరంలో పుట్టింది. 2007 మే 6న, తన డెబ్భై రెండవ యేట కన్నుమూసింది. ఈ రెండు తేదీల మధ్య ఆవిడ చేతి క్రింద నలిగిన కాగితాలెన్నో ఎవరూ లెక్క వేయలేదు. ఆవిడను గురించి చదివినప్పుడు నా మనసుకు పట్టుకున్నది ఆ కాగితాల లెక్క కాదు. "ఇక చాలు, ఇంటికి వెళ్ళు" అని లోకం అన్నప్పుడల్లా ఆవిడ కుర్చీ వదలకుండా కూర్చున్న తీరు.

పేరులో శ్లేష

రేయికో పదవ యేట వుండగా, 1945 జూలైలో, సెందాయ్ మీద అమెరికా విమానాలు బాంబులు కురిపించాయి. మరుసటి నెలలో యుద్ధం ముగిసింది. ఓడిపోయిన దేశం మళ్ళీ కూడదీసుకుంటున్న రోజుల్లో పెరిగిన తరం ఆవిడది. పెద్దయిన తరువాత అక్కడి తోహొకు విశ్వవిద్యాలయంలో విద్యాశాస్త్రం చదవటానికి చేరింది. చదువు పూర్తిచేసి వుంటే ఏ పాఠశాలలోనో ఉపాధ్యాయిని అయి వుండేది. కాని చదువు మధ్యలో ఆపేసి తోక్యో నగరం చేరుకుంది.

అక్కడ తోయె దోగా అనే కంపెనీలో మనుషులు కావాలని కబురు తెలిసింది. జపాను భాషలో "దోగా" అన్న మాట చెవికి ఒక్కటే, వ్రాతలో రెండు. ఒక విధంగా వ్రాస్తే పిల్లల పుస్తకాలలో వేసే బొమ్మ అని అర్థం. మరొక విధంగా వ్రాస్తే కదిలే బొమ్మ. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే ఉద్యోగం కాబోలుననుకుని రేయికో పరీక్షకు వెళ్ళింది. తీరా చూస్తే అది కదిలే బొమ్మల కార్ఖానా! అయినా వెనక్కి తిరగలేదు. 1957లో అక్కడే ఉద్యోగంలో చేరింది.

తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని కనుక, శ్లేష కనిపిస్తే నేను ఒక క్షణం ఆగకుండా వుండలేను. "కదలిక"కు జపాను వాళ్ళు వ్రాసే అక్షరాన్ని విడదీస్తే ఒక ప్రక్క "బరువు" అన్న గుర్తూ, రెండవ ప్రక్క "బలం" అన్న గుర్తూ వుంటాయి. బరువైనదాన్ని బలం పెట్టి జరిపితే కదలిక. రేయికో తరువాతి జీవితమంతా ఈ అక్షరంలోనే ఇమిడి వుందనిపిస్తుంది నాకు.

లక్ష చిత్రాల పాము కథ

ఆ కంపెనీ అప్పటికి పసిగుడ్డు. తోయె అనే పెద్ద సినిమా సంస్థ 1956లో ఒక చిన్న కార్టూను సంస్థను కొని దానికి తోయె దోగా అని పేరు పెట్టింది. తోక్యోలోని ఓయిజుమి పేటలో కొత్త భవనం కట్టించింది. అమెరికాలో డిస్నీ ఎంతటివాడో తూర్పు దేశాలలో తాము అంతటివారు కావాలని యజమానుల ఆశ. మొదటి పెద్ద ప్రయత్నంగా వారు ఎన్నుకున్నది చైనాలో తరతరాలుగా చెప్పుకునే తెల్లపాము కథ. ఒక శ్వేతనాగు స్త్రీ రూపం ధరించి ఒక యువకుణ్ణి ప్రేమిస్తుంది. ఒక సన్యాసి వారిద్దరినీ విడదీయ చూస్తాడు. నాగకన్యల కథలు వింటూ పెరిగిన మనకు ఇది దగ్గర చుట్టంలా తోస్తుంది.

1958 అక్టోబరులో విడుదలైన ఆ "హకుజాదెన్" జపాను దేశపు మొదటి పూర్తి నిడివి రంగుల కార్టూను చిత్రం. అప్పటికి హైస్కూలు విద్యార్థిగా వున్న హయావో మియజాకి ఆ చిత్రం చూసి మనసు పారేసుకున్నాడు. తరువాత ప్రపంచం చేత జేజేలు కొట్టించుకున్న మియజాకి ఈయనే. అదే రేయికోకు మొదటి పని.

ఆ పని ఎటువంటిదో కొంచెం చెప్పాలి. సినిమా ఫిలిములో ఒక సెకనుకు 24 చట్రాలు తిరుగుతాయి. సుమారు గంటా ఇరవై నిమిషాల చిత్రానికి లెక్క కట్టండి: లక్షకు పైగా చట్రాలు! ఒక్కొక్క బొమ్మను రెండు మూడు చట్రాలకు వాడుకుంటారు కనుక కొంత పొదుపు కలుగుతుంది. కాని ఒకే చట్రంలో ఇద్దరు ముగ్గురు కదులుతూంటే ఆ పొదుపు కాస్తా ఎగిరిపోతుంది.

ఇన్ని బొమ్మలనూ ఒక క్రమంలో పంచుకుంటారు. తెర మీద ఒక అమ్మాయి తల త్రిప్పి చూస్తుందనుకోండి. చూపు మొదలైన భంగిమ, ముగిసిన భంగిమ, మధ్యలో ముఖ్యమైన మలుపులు పెద్ద చిత్రకారుడు గీస్తాడు. ఆ రెంటి నడుమ రావలసిన బొమ్మలన్నీ క్రింది మెట్టువారు పూరిస్తారు. బల్ల మధ్యలో అద్దం, దాని క్రింద దీపం, అంచున చిన్న మేకులు, ఆ మేకులకు తగిలించే రంధ్రాల కాగితాలు: ఇదీ సరంజామా. క్రింది కాగితం మీది గీత పై కాగితంలోంచి కనబడుతూంటే, దానికి వెంట్రుక వాసి ప్రక్కగా కొత్త గీత పడాలి. గీత వణికితే తెర మీద ముఖం వణుకుతుంది. ఈ నడుమ బొమ్మలు బాగా కుదిరితే ఎవరూ గమనించరు. కుదరకపోతే మాత్రం అందరికీ కనబడతాయి. ఇంటిపని వంటిదే నన్నమాట!

కాగితం మీది బొమ్మను పారదర్శకమైన సెల్యులాయిడు పలక మీదికి ఎత్తి వ్రాయటం, వెనకవైపు రంగులు నింపటం మరొక విభాగం. అక్కడ ఎక్కువగా ఆడపిల్లలే. 1958లో ఆ విభాగంలో చేరిన మిచియో యసుదా అనే అమ్మాయి తరువాత రంగుల కూర్పులో దిట్ట అనిపించుకుని, మియజాకి చిత్రాలకు చివరి దాకా రంగులు నిర్ణయించింది. గీసే విభాగంలో పైమెట్టు ఎక్కిన ఆడవాళ్ళు మాత్రం వ్రేళ్ళ మీద లెక్కపెట్టదగినంత మంది. రేయికో కంటె కొంచెం పెద్దదైన కజుకో నకమురా ఒకతె. ఆవిడ తరువాత ఒసాము తెజుకా గారి సంస్థకు వెళ్ళి పేరు తెచ్చుకుంది. రేయికో మాత్రం తోయె దోగాలోనే ఒక్కొక్క మెట్టూ ఎక్కింది. నడుమ బొమ్మలతో మొదలుపెట్టి, కొద్ది సంవత్సరాలలోనే ముఖ్య భంగిమలు గీసే స్థానానికి వచ్చింది.

మనిషి కూడా సరదా అయినదే. రోజుకొక రకం దుస్తులలో ఆఫీసుకు వచ్చేదనీ, ఈవేళ ఏమి వేసుకు వస్తుందోనని తోటివారు ఎదురు చూసేవారనీ చెబుతారు. రంగుల మీద ప్రీతి పని బల్లకు మాత్రమే పరిమితం కాలేదు.

పెళ్ళి, సంతకం, న్యాయస్థానం

1959లో అదే కంపెనీలో యోయిచి కొతాబె అనే యువకుడు చేరాడు. తోక్యోలోని లలితకళల విశ్వవిద్యాలయంలో సంప్రదాయ జపాను చిత్రకళ నేర్చినవాడు. రేయికో కంటె వయసులో ఒక యేడు చిన్న, ఉద్యోగంలో రెండేళ్ళు చిన్న. 1963లో వారిద్దరూ పెళ్ళి చేసుకున్నారు.

మామూలుగా అయితే రేయికో ఉద్యోగ కథ ఇక్కడితో ముగిసిపోవాలి. ఆ రోజుల జపానులో ఆడపిల్ల ఉద్యోగమంటే పెళ్ళిపీటల దాకా కాలక్షేపం. కొన్ని కంపెనీలు ఆ సంగతి నోటితో అని వూరుకునేవి కావు. "పెళ్ళి కాగానే రాజీనామా ఇస్తాను" అని ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడే కాగితం వ్రాయించుకునేవి. ఒక సిమెంటు కంపెనీలో అటువంటి కాగితం మీద సంతకం చేసిన ఉద్యోగిని పెళ్ళి తరువాత రాజీనామా ఇవ్వలేదు. కంపెనీ తీసివేసింది. ఆవిడ న్యాయస్థానానికి వెళ్ళింది. 1966 డిసెంబరు 20న తోక్యో జిల్లా న్యాయస్థానం ఆ షరతు చెల్లదని తీర్పు చెప్పింది. పెళ్ళి పేరు చెప్పి స్త్రీని పనిలోంచి తీసివేయటం అన్యాయమని జపాను న్యాయస్థానం ఒకటి పలకటానికి అంత కాలం పట్టింది. ఉద్యోగాలలో స్త్రీ పురుషులకు సమాన అవకాశాలు కల్పించే చట్టం 1985లోగాని రాలేదు.

రేయికో ఆ తీర్పు కోసమూ ఆగలేదు, ఆ చట్టం కోసమూ ఆగలేదు. పెళ్ళయింది, మరునాటి పనికి బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. బిడ్డ కలిగిన తరువాతా అంతే. 1961లో ఆ కంపెనీలో ఉద్యోగుల సంఘం ఏర్పడింది. రేయికో అందులో చురుకుగా పనిచేసింది. ఇసావో తకహాతా, మియజాకి వంటివారు అక్కడ ఆవిడకు సహచరులు. తన కుర్చీ తాను నిలుపుకోవటం ఒక్కతె వల్ల అయ్యే పని కాదనీ, ప్రక్క కుర్చీలవారు కూడా నిలబడితేనే సాధ్యమనీ ఆవిడకు తెలుసు.

ఇంకొక చిన్న విషయం. జపాను చట్టం ప్రకారం భార్యాభర్తలకు ఇంటిపేరు ఒక్కటే వుండాలి. నూటికి తొంభై మందికి పైగా స్త్రీలు భర్త ఇంటిపేరే తీసుకుంటారు. రేయికో పేరు మాత్రం చివరి దాకా తెర మీద ఒకుయామాగానే పడింది. పెళ్ళితో ఇంటిపేరు మారి, పాత సర్టిఫికెట్లకూ కొత్త కాగితాలకూ పొత్తు కుదరక ఆఫీసుల చుట్టూ తిరిగిన మన ఆడపడుచులకు ఈ చిన్న విషయం విలువ ఏమిటో నేను చెప్పనక్కరలేదు.

నా సంగతి ఒకటి చెబుతాను. చాలా యేళ్ళుగా ఆడపిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఛందస్సులో నన్నే ప్రశ్నలతో నిలవేసిన పిల్ల ఏ పెళ్ళిలోనో కనబడుతుంది. "ఏం చేస్తున్నావమ్మా?" అంటాను. "ఉద్యోగం మానేశానండీ, బాబు చిన్నవాడు" అంటుంది. ఆ మాట అనేటప్పుడు కళ్ళు నా మీద వుండవు. ఇష్టపడి మానుకున్నవారిని ఒక్క మాట అనే హక్కు నాకు లేదు. పిల్లల పెంపకం ఏ ఉద్యోగానికీ తీసిపోయే పని కాదు. కాని ఇష్టం అడిగినవారెవరు? మన పిల్లల చేత ఏ కంపెనీ కాగితం వ్రాయించుకోలేదు, ఎవరూ సంతకం పెట్టించుకోలేదు. అయినా ఆ షరతు అమలు జరిగిపోతూనే వుంది. అందుకే రేయికో కథ నాకు పరాయి దేశం కథలా అనిపించలేదు.

పని పెరిగింది, పేరు పెరిగింది

రేయికో పెళ్ళి నాటికే జపానులో టెలివిజన్ కార్టూనులు మొదలయ్యాయి. 1963 జనవరిలో తెజుకా గారి ఇనుప బాలుడి కథ ప్రసారమైంది. నవంబరులో తోయె దోగా కూడా ఒక తోడేలు బాలుడి కథతో రంగంలోకి దిగింది. వారం వారం ఒక భాగం ఇవ్వాలి. గీసే బొమ్మల సంఖ్య తగ్గింది, గీసేవారి తొందర పెరిగింది. నెలల తరబడి ఒక్క చిత్రాన్ని చెక్కే అలవాటున్నవారికి అది వూపిరాడని కాలం. పసిబిడ్డ వున్న ఇల్లాలికి ఎలా వుండి వుంటుందో వూహించుకోవచ్చు.

ఆ తొందరల మధ్యనే 1968 జూలైలో తకహాతా దర్శకత్వం వహించిన మొదటి పెద్ద చిత్రం వచ్చింది. హొరుసు అనే బాలుడి కథ అది. ఒక గ్రామం వారంతా కలిసికట్టుగా మంచు భూతాన్ని ఎదిరిస్తారు. ఆ చిత్రం తయారీలో పెద్ద చిన్న తేడా లేకుండా పనివారందరూ సలహాలు చెప్పవచ్చునన్నారు. తయారీ సంవత్సరాల తరబడి సాగింది, కంపెనీ వారు విసుక్కున్నారు, వసూళ్ళు రాలేదు. కాని జపాను కార్టూను చిత్రాలు పెద్దల మనసు కూడా కదిలించగలవని చాటింది ఆ చిత్రమేనని తరువాతివారు ఒప్పుకున్నారు. ముఖ్య భంగిమలు గీసినవారిలో రేయికో, కొతాబె ఇద్దరూ వున్నారు. మియజాకి భార్య కూడా వున్నది. ఆవిడ సమర్థురాలైన చిత్రకారిణి. కాని ఆవిడ కొంత కాలానికి పిల్లల కోసం పెన్సిలు ప్రక్కన పెట్టింది. భర్త ఎంతవాడయ్యాడో లోకానికి తెలుసు. ఆ పెన్సిలు ఆగకుండా వుంటే ఏమి గీసేదో ఎవరికీ తెలియదు.

1971లో తకహాతా, మియజాకి, కొతాబె ముగ్గురూ తోయె దోగాను విడిచి వెళ్ళారు. భర్త వెళ్ళినా రేయికో వెంటనే వెళ్ళలేదు. తన పని తాను చూసుకుంది. కొతాబె 1974లో ఆల్ప్స్ పర్వతాల పిల్ల హైదీకి రూపకల్పన చేశాడు. 1985లో నింటెండో కంపెనీలో చేరి, మన ఇళ్ళలో పిల్లలు కూడా గుర్తుపట్టే ఎర్ర టోపీ మారియో బొమ్మలను తీర్చిదిద్దాడు.

తల్లి నాగు కథ

భార్యాభర్తలిద్దరూ కలిసి చిత్రణ బాధ్యత వహించిన చిత్రం 1979లో వచ్చింది. పేరు "తాత్సునొకొ తారో", అంటే డ్రాగన్ కొడుకు తారో. మియోకో మత్సుతాని అనే రచయిత్రి జానపద కథల నుంచి అల్లిన పిల్లల నవల దానికి మూలం. దర్శకుడు కిరియో ఉరయామా. చిత్రణ దర్శకులంటే అనేకమంది గీసిన బొమ్మలన్నీ ఒక్క చేతి బొమ్మల్లా కనబడేటట్లు సరిదిద్దేవారు. అంటే నడుమ బొమ్మలతో మొదలుపెట్టిన మనిషి అందరి గీతలూ దిద్దే మెట్టుకు చేరిందన్నమాట.

ఆ కథ వినండి. కొండల నడుమ నిరుపేద గ్రామం. దొరికినది ఏదైనా అందరూ పంచుకు తినాలని కట్టుబాటు. నిండు గర్భిణి అయిన ఒక స్త్రీ ఆకలికి ఓర్వలేక, అందరికీ చెందవలసిన మూడు చేపలూ ఒక్కతే తినేసింది. అంతే, పెద్ద డ్రాగన్‌గా మారిపోయింది. పుట్టిన బిడ్డకు పాలు లేవు; తన కళ్ళు పెరికి బిడ్డ చప్పరించటానికి ఇచ్చి, గుడ్డిదై ఏదో సరస్సు అడుగున దాగింది. అవ్వ దగ్గర పెరిగి పెద్దవాడైన తారో తల్లిని వెతుక్కుంటూ బయలుదేరాడు. చివరికి కొడుకును వీపున ఎక్కించుకుని ఆ తల్లి కొండను ఢీకొట్టి బద్దలు చేస్తుంది. సరస్సు నీరు పారిపోయి, పదిమందికి వరి పండే నేల బయటపడుతుంది. తల్లికి మనిషి రూపమూ, చూపూ తిరిగి వస్తాయి.

ఆకలి వేసిందన్న నేరానికి ఒక తల్లిని మనుషులలోంచి వెలివేసిన కథ ఇది. ఆ డ్రాగన్ ముఖాన్ని దిద్దిన చేతులలో ఒక తల్లి చేయి కూడా వున్నదని తెలిసి చూస్తే, ఆ కొండ బద్దలయ్యే ఘట్టం మరొక విధంగా కనబడుతుంది.

మళ్ళీ విద్యార్థిని

1988లో తకహాతా యుద్ధకాలపు అనాథలైన అన్నాచెల్లెళ్ళ కథను "హొతారు నో హాకా" పేరుతో తీశాడు. "మిణుగురుల సమాధి" అని అర్థం. దానికి బొమ్మలు గీసినవారిలోనూ రేయికో వుంది. బాంబులు పడ్డ నగరాల తరం మనిషి యాభై యేళ్ళు దాటిన తరువాత ఆ మంటలు మళ్ళీ గీసింది.

తరువాత ఆవిడ కొత్తవారికి ఈ విద్య నేర్పింది. అంతటితో విశ్రాంతి తీసుకోక, రాగిరేకు మీద గీతలు చెక్కి అచ్చు తీసే కళను అభ్యసించింది. కిహాచిరో కవమోతో అనే కీలుబొమ్మల చిత్రాల దర్శకుడు, బషో మొదలైన కవులు కలిసి అల్లిన గొలుసు పద్యాలకు దేశదేశాల కళాకారుల చేత చలనచిత్రాలు గీయించి, 2003లో "ఫుయు నో హి" పేరుతో కూర్చాడు. అందులో ఒక భాగం రేయికో, కొతాబె దంపతులది. అరవై యేడేళ్ళు దాటిన వయసులో!

ఆవిడ పోయిన పన్నెండేళ్ళకు, 2019 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు, జపాను జాతీయ ప్రసార సంస్థ "నత్సుజొరా" అనే ధారావాహికను ప్రతి వుదయం ప్రసారం చేసింది. ఆ సంస్థ వుదయపు ధారావాహికలలో అది నూరవది. కథానాయిక కార్టూను చిత్రకారిణి. ఆ పాత్రకు రేయికో జీవితం ఒక ఆధారం. అందులో కథానాయిక యుద్ధంలో తల్లిదండ్రులను కోల్పోయి పాడి రైతుల ఇంట పెరిగినట్లు చూపారు, అదంతా కల్పన. కాని రోజుకొక దుస్తుల సరదా, బిడ్డ కలిగిన తరువాత ఉద్యోగం కోసం పట్టుదల, తోటివారు వెంట నిలవటం మాత్రం రేయికో తరం వారి అనుభవాల నీడలే. ఆ కాలం ఆఫీసులూ పనిముట్లూ ఎలా వుండేవో చెప్పటానికి సలహాదారుగా పిలిచింది ఎవరిననుకున్నారు? భర్త కొతాబెనే.

ఇవాళ జపానులో స్త్రీలు పెద్ద కార్టూను చిత్రాలకు దర్శకత్వం కూడా వహిస్తున్నారు. 2016లో వచ్చిన "కొయె నో కతాచి" చిత్రానికి దర్శకురాలు నవోకో యమదా. ఇటువంటివారికి త్రోవ ఎవరో ఒక్కరు వేశారంటే అతిశయోక్తి. కాని కుర్చీ వదలకుండా కూర్చున్నవారి వల్లనే ఆ కుర్చీలు ఆడవాళ్ళవి కూడా అయినాయన్నది నిజం.

మీ ఇంట్లో నోటుపుస్తకం చివరి పేజీలలో బొమ్మలు గీసే పిల్ల వుంటే, పేజీ మూలల్లో వరసగా గీసి గబగబా త్రిప్పి చూడమనండి. బొమ్మ కదులుతుంది. ఆ కదలిక చూసి పిల్ల ముఖం విప్పారితే, కావలసిన కాగితాలు కొనిపెట్టండి. ఇరవై యేళ్ళ తరువాత ఆ పెన్సిలు క్రింద పెట్టాలో వద్దో నిర్ణయించేటప్పుడు, ఆ పిల్లను కూడా ఒక మాట అడగండి.